పాత ట్రావెల్ ట్రైలర్‌లో కన్వర్టర్ మార్చడం: మొత్తం ప్యానెల్ మార్చాలా, కింది భాగం మారిస్తే సరిపోతుందా?

డెంటన్_బండి
మా ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి) 2003 నాటిది, పొడవు 24 అడుగులు. రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండులో కొన్నాము. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్ళూ దాన్ని గ్యారేజీ ప్లగ్గుకు తగిలించే ఉంచుతాను. ఈ రెండేళ్ళలో రెండు బ్యాటరీలు పాడయ్యాయి. మూత తీసి చూసిన ప్రతిసారీ నీళ్ళు పలకల కిందికి దిగిపోయి ఉండేవి, వేసవిలోనైతే కుళ్ళిన గుడ్డు వాసన కూడా వచ్చేది. అక్టోబరులో మూడో బ్యాటరీ తెచ్చి నేనే బిగించాను.

నవంబరులో టెక్సాస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌కు వెళ్ళాము. క్యాంపుగ్రౌండులో కరెంటు ఇచ్చే 30 ఆంపియర్ల స్తంభానికి తీగ తగిలించే ఉన్నా, రాత్రి రెండింటికి ట్రైలర్‌ను వెచ్చబరిచే గ్యాసు ఫర్నేసు ఫ్యాను నీరసంగా తిరుగుతూ ఉండిపోయింది గాని మంట అంటుకోలేదు. దీపాలు కొడిగట్టినట్టు అయిపోయాయి. పిల్లలిద్దరినీ దుప్పట్లలో చుట్టి కారులోకి మార్చి, హీటరు వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నాము.

మరమ్మతు కేంద్రంలో చూపిస్తే, బ్యాటరీని ఛార్జి చేసే కన్వర్టర్ పోయిందనీ, బ్రేకర్లూ ఫ్యూజులూ ఉండే ప్యానెల్ మొత్తం మార్చాలనీ, కూలితో కలిపి 1,100 డాలర్లు అవుతుందనీ చెప్పారు. ప్యానెల్ మూత కూడా తీయకుండానే చెప్పిన మాట అది. ఈ పని స్వయంగా చేసుకున్నవారు ఎవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

మీటరు_ముందు
డబ్బు సంగతి తరువాత చూడవచ్చు, ముందు 20 డాలర్ల మీటరు ఒకటి తీసుకోండి. స్తంభం కరెంటు పెట్టి, బ్యాటరీ తీగ విప్పి, కన్వర్టర్ 12 వోల్టుల వైపు తీగలు బిగించే మరల దగ్గర కొలవండి. 13 వోల్టులకు పైన ఏ అంకె కనిపించినా పెట్టె బతికే ఉన్నట్టు. సున్నా వస్తే దానికి 120 వోల్టులు అందుతున్నాయో లేదో చూడాలి, ఎందుకంటే లోపలి 15 ఆంపియర్ల బ్రేకరు సగం పడిపోయి పైకి మామూలుగా కనిపించడం పాత ప్యానెళ్ళలో ఉన్నదే. అది కూడా సరిగా ఉంటే, కన్వర్టర్ ముఖం మీద పక్కపక్కనే ఉండే రెండు పెద్ద ఫ్యూజులు తీసి వెలుగులో చూడండి. కొలవకుండా కొన్న వస్తువు పనిచేస్తే అది అదృష్టమే అవుతుంది.

గోదారి_గట్టు
నేను రాజమండ్రిలో ఉంటాను, మా అబ్బాయి శాక్రమెంటోలో ఇలాంటి బండే కొన్నాడు. ఇక్కడ మా ఇంట్లో ఇన్వర్టరు పెట్టి పదిహేనేళ్ళయింది, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోసే పని నాదే. మీరంతా కన్వర్టర్ అంటున్నది మా ఇన్వర్టరు లాంటిదేనా, వేరేదా? అబ్బాయికి ఫోనులో చెప్పేముందు నాకు అర్థం కావాలి.

సుధ_మిషిగన్
గోదారి_గట్టు గారూ, ఇన్వర్టరు బ్యాటరీలోని 12 వోల్టులను ఇంటి కరెంటుగా మారుస్తుంది. కన్వర్టర్ చేసేది దానికి తలకిందులు పని: స్తంభం నుంచి వచ్చే 120 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చి, ట్రైలర్‌లోని దీపాలకూ, నీటి పంపుకూ, ఫర్నేసు ఫ్యానుకూ ఇస్తుంది, మిగిలినదానితో బ్యాటరీని ఛార్జి చేస్తుంది. మీ ఇంటి ఇన్వర్టరులో కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీని నింపే భాగం ఒకటి ఉంటుంది కదా, ఆ సగాన్ని విడదీసి పెట్టెలో పెడితే అదే కన్వర్టర్ అనుకోండి. నీళ్ళు ఇంకిపోయే జబ్బు రెండింటికీ ఒకటే.

డెంటన్_బండి గారూ, ఫ్యాను తిరిగినా మంట రాకపోవడానికి కారణం ఫర్నేసులో ఉండే సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు. ఫ్యాను గాలి దాన్ని నెట్టి మూస్తేనే గ్యాసు తెరుచుకుంటుంది. వోల్టేజి తగ్గి ఫ్యాను నెమ్మదిస్తే రేకు కదలదు, మంట రాదు. అది మీ భద్రత కోసం పెట్టిన ఏర్పాటు, కనుక ఫర్నేసును అనుమానించకండి.

డెంటన్_బండి
మీటరు_ముందు గారు చెప్పినట్టే చేశాను. బ్రేకరు బాగానే ఉంది, కన్వర్టర్‌కు 121 వోల్టులు అందుతున్నాయి, 12 వోల్టుల వైపు మాత్రం సున్నా. రెండు ఫ్యూజులు తీసి చూస్తే రెండూ మాడిపోయి ఉన్నాయి, లోపలి రేకు కరిగి ప్లాస్టిక్కు మీద నల్లటి మరకగా అంటుకుంది. ఇవి ఎందుకు పోతాయి? మేము ఎక్కువ భారం వేసినట్టు గుర్తు లేదు.

ఆరిజోనా_ఎండ
ఆ రెండు ఫ్యూజులు భారానికి పోవడం చాలా అరుదు. బ్యాటరీ పాజిటివ్, నెగటివ్ తారుమారుగా తగిలించినప్పుడు కన్వర్టర్‌ను కాపాడడానికే అవి ఉన్నాయి. అక్టోబరులో బ్యాటరీ మార్చానన్నారు కదా, నల్ల తీగను ఏ కొనకు బిగించారు?

డెంటన్_బండి
నల్లదాన్ని నెగటివ్‌కు, తెల్లదాన్ని పాజిటివ్‌కు బిగించాను. చిన్న మెరుపు వచ్చింది. కారు బ్యాటరీలో నల్లది నెగటివ్ కనుక ఇక్కడా అంతే అనుకున్నాను, మెరుపు వచ్చాక తిప్పి పెట్టాను. దీపాలు వెలిగాయి కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను.

ఆరిజోనా_ఎండ
అదే జరిగింది. ట్రైలర్ ముందుండే నొగ మీది బ్యాటరీకి వచ్చే తీగల్లో సాధారణంగా నల్లది పాజిటివ్, తెల్లది నెగటివ్. అమెరికా ఇంటి వైరింగు తెలిసినవాడికి నల్లది కరెంటు వచ్చే లైవ్ తీగ కనుక అలవాటుగా ఉంటుంది, కార్లు మాత్రమే తెలిసినవాడు తప్పకుండా తిరగేస్తాడు. ఫ్యూజులు ఆ క్షణానే పోయాయి, దీపాలు బ్యాటరీ మీద వెలిగాయి. పాలో డ్యూరోలో స్తంభానికి తగిలించి ఉన్నా మీరు ఆ రాత్రంతా బ్యాటరీనే తాగుతున్నారు. ఫర్నేసు ఫ్యాను ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. రెండింటికల్లా అది ఖాళీ అయిందంటే ఆశ్చర్యం లేదు. కొత్త ఫ్యూజులు వేసేటప్పుడు పెట్టె మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో అవే వేయండి, పెద్దవి వేయవద్దు. పాజిటివ్ తీగ కొనకు ఈ రోజే ఎర్ర టేపు చుట్టండి.

డెంటన్_బండి
ఫ్యూజులు వేశాను, కన్వర్టర్ లేచింది. 6 డాలర్లతో పోయేదానికి 1,100 అడిగారన్న కోపం ఇంకా తగ్గలేదు. అయితే బ్యాటరీ నిండాక కూడా, ఇరవై నాలుగు గంటలు గడిచినా, మీటరు 14.1 దగ్గరే నిలబడింది. పెట్టె నుంచి సన్నగా రొద వస్తోంది, పైన చేయి పెడితే ఎక్కువసేపు ఉంచలేకపోతున్నాను.

ఓరుగల్లు_బాటసారి
పనిచేస్తున్నదాన్ని పారేయడం నాకు నచ్చదు. ఆ పాత పెట్టెల్లో ఇనుప ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, ముప్పై ఏళ్ళు నడిచినవి నేను చూశాను. కొత్తవాటిలో అంతా చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్, ఒక పిడుగుకు పోతాయి. ఇంటి దగ్గర ఉన్నప్పుడు తీగ పీకి, నెలకొకసారి ఒక రాత్రి తగిలించండి, నీళ్ళు ఇంకవు. నేను అలాగే ఏడేళ్ళు నెట్టుకొచ్చాను.

సుధ_మిషిగన్
ఓరుగల్లు_బాటసారి గారి పద్ధతి పనిచేస్తుంది, కాని దాన్ని మరిచిపోకుండా పాటించే మనిషి ఇంట్లో ఉన్నంతకాలమే. పైగా తీగ పీకినప్పుడు గ్యాసు డిటెక్టరు, రేడియో లాంటివి బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. శీతకాలంలో ఖాళీ అయిన బ్యాటరీ గడ్డకట్టి పగులుతుంది. మా మిషిగన్‌లో ఒక జనవరిలో నాకు అదే జరిగింది, ఆసిడ్ కారి నొగ మీది పెయింటు అంతా పొరలుగా లేచిపోయింది.

అసలు లోపం ఆ పెట్టె పుట్టుకలోనే ఉంది. పాత కన్వర్టర్‌కు ఒకటే వోల్టేజి తెలుసు. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు అది చాలదు, నిండాక అదే ఎక్కువవుతుంది. నిండిన బ్యాటరీలోకి కరెంటు తోస్తూ పోతే అది నీటిని హైడ్రోజనుగా, ఆక్సిజనుగా విడగొట్టడం తప్ప చేసేదేమీ ఉండదు, మీ పలకల పైన నీళ్ళు అలా ఆవిరయ్యాయి. నేను పదేళ్ళ క్రితం ప్రోగ్రెసివ్ డైనమిక్స్ వారి పీడీ 4645 కన్వర్టర్ పెట్టుకున్నాను. అది ఖాళీ బ్యాటరీకి 14.4 వోల్టులు ఇస్తుంది, నిండుతున్నకొద్దీ 13.6కు దిగుతుంది, ముప్పై గంటలపాటు ఎవరూ వాడకపోతే 13.2కు దిగి నిద్రపోతుంది. నిద్రలో కూడా 21 గంటలకు ఒకసారి పదిహేను నిమిషాలు 14.4కు లేచి ఆసిడ్‌ను కలియబెడుతుంది. ఏడాది పొడుగునా తగిలించి ఉంచినా, వసంతంలో మూత తీస్తే నేను పోసేది గ్లాసుడు నీళ్ళకు మించదు.

మీటరు_ముందు
మరొక కొలత తీసుకుంటే ఈ వాదన తేలుతుంది. బ్యాటరీ విప్పి, మీటరును ఏసీ వోల్టులకు తిప్పి, అదే డీసీ మరల మీద పెట్టండి. శుభ్రమైన డీసీ అయితే దాదాపు సున్నా రావాలి.

డెంటన్_బండి
1.8 వచ్చింది.

మీటరు_ముందు
అంటే డీసీలో ఏసీ అల కొంత మిగిలిపోతోంది, లోపల వడపోత సరిగా లేదు. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ అదే వడపోతగా పనిచేసి ఆ అలను మింగుతుంది. ఫ్రిజ్ బోర్డు, ఫర్నేసు బోర్డు లాంటివాటికి ఈ ఎగుడుదిగుడు కరెంటు మంచిది కాదు. ఓరుగల్లు_బాటసారి గారూ, 2003లో ఈ ట్రైలర్‌లో ఉన్నవి బల్బులు, వాటికి అల పట్టదు. ఇప్పుడు ఎల్ఈడీలు వేసుకుంటున్నాము, అవి కంటికి తెలిసేలా వణుకుతాయి. నా ఓటు మార్చడానికే.

ఓరుగల్లు_బాటసారి
1.8 అంటే నేనూ ఒప్పుకుంటాను. మార్చండి. కాని మొత్తం ప్యానెల్ ఎందుకు? పైన ఉన్న 120 వోల్టుల బ్రేకర్లకు ఏ జబ్బూ లేదు కదా.

సుధ_మిషిగన్
అవసరం లేదు. మరమ్మతు కేంద్రం చెప్పిన 1,100లో ఎక్కువ భాగం అక్కడిదే అయి ఉంటుంది. ఈ ప్యానెళ్ళలో చాలావాటికి కింది సగం విడిగా వస్తుంది. పీడీ 4600 వరుస ఆ కింది సగానికి బదులుగానే తయారైంది, దానితోపాటు కొత్త డీసీ ఫ్యూజు బోర్డు కూడా వస్తుంది. పీడీ 4645 అంటే 45 ఆంపియర్లు, 4655 అంటే 55. మీ పాతదాని మీద ఎంత రాసి ఉందో చూసి దానికి తగినదే తీసుకోండి, ఆర్డరు పెట్టేముందు కింది ఖాళీ వెడల్పు, ఎత్తు, లోతు టేపుతో కొలవండి. ఒకే బ్యాటరీ ఉన్న ట్రైలర్‌కు 80 ఆంపియర్లది పెట్టి ఉపయోగం లేదు, ఆ కరెంటు మోయడానికి పాత తీగలు చాలవు.

ఆరిజోనా_ఎండ
పెట్టె ఎలాగూ మారుస్తున్నారు కనుక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సంగతి ఇప్పుడే ఆలోచించండి. లెడ్ ఆసిడ్‌లో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది, లిథియంలో దాదాపు అంతా వాడుకోవచ్చు, నీళ్ళ గొడవ ఉండదు. నేను ఏడాదిలో ఎనిమిది నెలలు ఎడారిలో స్తంభం లేకుండా ఉంటాను, నాకు దానితోనే ప్రాణం లేచి వచ్చింది. దానికి 14.6 వోల్టుల దాకా ఇచ్చే కన్వర్టర్ కావాలి, లిథియంకు మార్చుకునే వీలున్నదే కొనండి.

మీటరు_ముందు
ఎడారిలో ఉండేవారికి అది సరైనదే. డెంటన్_బండి గారు స్తంభం ఉన్న చోటికే వెళ్తున్నారు. పైగా వారి బ్యాటరీ నొగ మీద ఆరుబయట ఉంటుంది, లిథియంను నీరు గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే లోపల పాడైపోతుంది. నవంబరులో పాలో డ్యూరో రాత్రులు ఎలా ఉంటాయో వారే చెప్పారు. అయితే రేపటి కోసం మారే వీలున్న కన్వర్టర్ కొనమనడం మంచి సలహా.

పల్నాటి_పిడుగు
కన్వర్టర్ పెట్టకముందు మీ గ్యారేజీ ప్లగ్గును కొలవండి. ఈ మాట నేను ఎక్కడ అవకాశం దొరికినా చెబుతాను. మేము అట్లాంటా దగ్గర ఇల్లు కొన్నాక ట్రైలర్ కోసం 30 ఆంపియర్ల ప్లగ్గు పెట్టమని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. మూడు కాళ్ళ 30 ఆంపియర్ల ప్లగ్గు అనగానే ఆయన బట్టల డ్రయ్యరుది అనుకున్నారు, డబుల్ పోల్ (జంట) బ్రేకరు వేసి 240 వోల్టులు ఇచ్చారు. ట్రైలర్‌కు కావలసిన టీటీ 30 ప్లగ్గు 120 వోల్టులది, దానికి ఒంటి బ్రేకరు, 10 గేజి తీగ. తగిలించిన నిమిషంలోపే కన్వర్టర్‌లోంచి పొగ వచ్చింది, మైక్రోవేవు పోయింది, ఎయిర్ కండిషనరు బోర్డు పోయింది. మా ఆవిడ లోపల ఫ్రిజ్ సర్దుతోంది, ఆమె కేక విని నేను తీగ పీకాను. అప్పటినుంచి ఏ స్తంభం దగ్గరికి వెళ్ళినా మీటరు పెట్టిన తరువాతే తీగ పెడతాను.

డెంటన్_బండి
పిడుగు గారూ, చదవగానే వెళ్ళి కొలిచాను, 122 ఉంది. నాది మామూలు ఇంటి ప్లగ్గుకు అడాప్టరు తగిలించినది.

పీడీ 4645 తెప్పించాను. ఖాళీ కొలతలు సరిపోయాయి. శనివారం పని పెట్టుకుంటున్నాను. ఒక సందేహం: ప్యానెల్ లోపల తెల్ల తీగల కడ్డీ ఒకటి, ఆకుపచ్చ, రాగి తీగల కడ్డీ ఒకటి విడివిడిగా ఉన్నాయి. మా ఇంటి మెయిన్ ప్యానెల్‌లో రెండూ కలిసే ఉన్నట్టు గుర్తు. ఇక్కడ ఎవరైనా కలపడం మరిచిపోయారా?

ఓరుగల్లు_బాటసారి
ఇంట్లో కలిపి ఉన్నప్పుడు ఇక్కడా కలపవచ్చు కదా, చిన్న తీగ ముక్క చాలు.

మీటరు_ముందు
కలపకూడదు, ఏ పరిస్థితిలోనూ కలపకూడదు. న్యూట్రల్ (తెల్ల తీగలు), గ్రౌండు అంటే ఎర్తు (ఆకుపచ్చ, రాగి తీగలు) ఒక్క చోటే కలవాలి, ఆ చోటు ఇంటి మెయిన్ ప్యానెల్, లేదా క్యాంపుగ్రౌండు వారి సర్వీసు మొదలయ్యే చోటు. ట్రైలర్‌లో రెండూ విడిగా ఉండాలని అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి 551వ అధికరణం చెబుతుంది. ఇక్కడ కలిపితే తిరిగి వెళ్ళే కరెంటులో కొంత గ్రౌండు తీగ మీదుగా, ట్రైలర్ చట్రం మీదుగా పోతుంది. తీగ చివర ప్లగ్గులో ఎక్కడైనా కాళ్ళు వదులైతే చట్రం మొత్తానికి కరెంటు ఎక్కుతుంది. తడి గడ్డి మీద ఒట్టి కాళ్ళతో నిలబడి తలుపు పిడి పట్టుకునేది మీ పిల్లలే. ఓరుగల్లు_బాటసారి గారూ, మీరు అలా ఎక్కడైనా కలిపి ఉంటే ఈ రోజే విడదీయండి.

ఓరుగల్లు_బాటసారి
నా ట్రైలర్‌లో కలపలేదు, ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఇది తెలియక ఎవరైనా చేస్తారేమో, పై రెండు పోస్టులూ కలిపి చదవండి.

గోదారి_గట్టు
ఇది మా అబ్బాయికి ఇప్పుడే పంపించాను. మా ఇంట్లో ఎర్తింగు చేయించినప్పుడు మేస్త్రీ ఉప్పు, బొగ్గు పోసి గొయ్యి పూడ్చాడు గాని, ఏది ఎక్కడ కలవాలో ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

డెంటన్_బండి
పని అయింది, నాలుగు గంటలు పట్టింది. మొదట స్తంభం తీగ పీకాను, తరువాత బ్యాటరీ నెగటివ్ విప్పి గుడ్డ చుట్టాను. పాత పెట్టెలో కరెంటును కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు ఉంటాయని పది నిమిషాలు ఆగి, ప్రతి తీగకూ తెల్ల టేపు ముక్క అంటించి అంకె వేసి, ఫోటోలు తీశాక గాని ఒక్క మర కూడా విప్పలేదు. పాత పెట్టెను బయటికి లాగడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది, కొత్తదాన్ని మా పెద్దమ్మాయి ఒక చేత్తో అందించింది. వెనకాల ఎలుక గూడు ఉంది, దూది, గోధుమ గింజలు, నమిలిన కాగితం. అది తీశాక చూస్తే బ్యాటరీ పాజిటివ్ తీగ వచ్చి బిగిసే మర సగం చుట్టు వదులుగా ఉంది. తీగ తొడుగు అంగుళం మేర గోధుమరంగుకు తిరిగి, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగింది. ఆ ముక్క కోసేసి కొత్త రాగి తేలేదాకా ఒలిచి బిగించాను. కొత్త కన్వర్టర్ తీగల్లో నల్లది దాని సొంత 15 ఆంపియర్ల బ్రేకరుకు, తెల్లది తెల్లకడ్డీకి, ఆకుపచ్చది గ్రౌండు కడ్డీకి, చట్రానికి వెళ్ళే లావు రాగి తీగ దాని స్థానంలో పెట్టాను.

మొదట బ్యాటరీ తగిలించాను, ఈసారి ఎర్ర టేపు చూసి. తరువాత స్తంభం తీగ. ప్యానెల్ దగ్గర 14.4 వచ్చింది. ఆ మరల మీదే ఏసీ కొలిస్తే 0.02. రొద లేదు.

అయితే అదే సమయంలో నొగ మీద బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.3 మాత్రమే ఉంది. 1.1 వోల్టు దారిలో ఎక్కడ పోతోంది?

సుధ_మిషిగన్
తీగ ఎంత లావు, ఎంత దూరం, అప్పుడు కరెంటు ఎంత ఉంది?

డెంటన్_బండి
తీగ 8 గేజి, ప్యానెల్ నుంచి నొగ దాకా సుమారు 20 అడుగులు. క్లాంప్ మీటరు అడిగి తెచ్చి చూస్తే 20 ఆంపియర్లు.

సుధ_మిషిగన్
పోనూ రానూ 40 అడుగులు, 8 గేజికి 20 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పోతుంది, అది తీగ సహజ గుణం. మిగతా 0.6 ఎక్కడో ఒక కలయిక దగ్గర పోతోంది. నొగ మీద బ్యాటరీకి దగ్గరలో రెండు మరలున్న చిన్న రేకు డబ్బీ ఉంటుంది, అది తనంతట తాను తిరిగి కలుసుకునే బ్రేకరు. ఛార్జి అవుతుండగా మీటరు రెండు కొనలనూ ఆ రెండు మరల మీద పెట్టండి.

డెంటన్_బండి
అక్షరాలా 0.6 ఉంది సుధ గారూ. ఆ డబ్బీ ఒక మర పచ్చగా చిలుము పట్టి ఉంది, నట్టు తిప్పితే మరతో సహా ఊడి వచ్చింది. ఇరవై ఏళ్ళ వాన, దారి మీది ఉప్పు అంతా దాని మీదే పడి ఉంటుంది. అదే ఆంపియర్లది కొత్తది 8 డాలర్లకు దొరికింది. తెల్ల తీగ చట్రానికి బిగిసే చోట కూడా పెయింటు, తుప్పు గీకి, నక్షత్రం వాషరు వేసి బిగించాను. ఇప్పుడు అదే 20 ఆంపియర్ల దగ్గర బ్యాటరీ వద్ద 13.9 వస్తోంది.

మీటరు_ముందు
బ్యాటరీ నిండుతున్నకొద్దీ కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే తీగలో పోయే వోల్టు కూడా తగ్గుతుంది, కనుక చివరికి అది 14.4 దగ్గరికి చేరుతుంది. వీలున్నప్పుడు ఇంతకన్నా లావైన 6 గేజి తీగ వేసుకుంటే ఇంకా త్వరగా నిండుతుంది, తొందర లేదు.

గోదారి_గట్టు
బాబూ, కొత్త బ్యాటరీలో నీళ్ళు చూశావా? ఇన్నాళ్ళు ఆ పాత పెట్టె మీదే ఉంది కదా. ఛార్జి నిండాకే పోయాలి, ముందే అంచుదాకా పోస్తే పొంగి బయటికి వస్తుంది. పలకలు మాత్రం గాలికి తేలి ఉంటే, అవి మునిగేంత వరకు ముందే పోసుకోవచ్చు.

డెంటన్_బండి
చూశాను అంకుల్. పలకలు మునిగే ఉన్నాయి గాని మూడు గదుల్లో మట్టం తగ్గింది. రాత్రంతా ఛార్జి అయ్యాక ఉదయం డిస్టిల్డ్ వాటరు పోశాను, మెడ కింద వేలు మందం ఖాళీ వదిలాను. అప్పటికి ప్యానెల్ దగ్గర 13.6కు దిగి ఉంది. నిన్న రాత్రి ఇక్కడ బాగా చలిగా ఉంటే ఇంటి ముందే ట్రైలర్‌లో పడుకుందామని పిల్లలు పట్టుపట్టారు. ఫర్నేసు తెల్లవారేలోగా తొమ్మిదిసార్లు వెలిగింది, ప్రతిసారీ మంట అంటుకునేదాకా చెవులు రిక్కించి వింటూనే ఉన్నాను.